గేమ్ ఎన్నింటికి అయిపోతుందో ఇంట్లో తెలియాలి

(నెల్లూరులో పూల్, స్నూకర్ ఆడేవాళ్లు కుటుంబాలతో కలుసుకున్న ఒక ఆదివారం సభలో, బ్యాంకులో పనిచేసే ఒక ఆటగాడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులన్నీ ముగించుకుని, మీరు ఆడని ఆట గురించి వినడానికి వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు మరీ మరీ నమస్కారం. ఒంగోలు నుంచి, కావలి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన మిత్రులకు కూడా.

నిర్వాహకులు నన్ను గేమ్ మొదలుపెట్టే బ్రేక్ షాట్ గురించి, తర్వాతి దెబ్బకు వీలుగా బంతిని నిలుపుకునే పొజిషన్ గురించి రెండు మాటలు చెప్పమన్నారు. అవి టేబుల్ దగ్గర నిలబడి చూపిస్తేనే తెలుస్తాయి, మైకులో చెబితే ఎవరికీ ఎక్కవు. పైగా మన జిల్లాల్లో బాగా ఆడే కుర్రవాళ్లు ఆట మానేస్తున్నది బ్రేక్ షాట్ రాక కాదు. పెళ్లయిన రెండేళ్లకో, ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చాకో, బిడ్డ పుట్టాకో మానేస్తున్నారు. కొందరు ఆట మానకుండా ఇంటిని వదిలేస్తున్నారు, అది ఇంకా ఘోరం. కాబట్టి ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. పూల్‌లో పదిహేను రంగు బంతులు, ఒక తెల్ల బంతి, ఆరు పాకెట్లు. పెద్ద పూల్ టేబుల్‌ను తొమ్మిదడుగుల టేబుల్ అంటారు, ఆడే మేర చూస్తే ఎనిమిదడుగుల పైచిలుకు పొడవు, నాలుగడుగుల పైచిలుకు వెడల్పు. స్నూకర్ టేబుల్ ఇంకా పెద్దది, పన్నెండడుగులు. మంచి టేబుల్ మీద గుడ్డ తీసి చూస్తే కింద ఉండేది పలకరాయి. మన పెద్దవాళ్లు అఆలు దిద్దుకున్న మార్కాపురం పలకలు ఏ జాతి రాయితో చేస్తారో ఆ జాతే. చెక్క అయితే మన సముద్రపు గాలికి తేమ పట్టి వంగుతుంది, రాయి వంగదు. ఇక స్నూకర్ అయితే పుట్టిందే మన దేశంలో. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే ఆంగ్లేయ సైనికాధికారి మొదలుపెట్టాడని చెబుతారు, తర్వాత ఊటీ క్లబ్బులో దానికి నియమాలు కుదిరాయి. స్వతంత్ర భారతదేశానికి ఏ ఆటలోనైనా మొదటి వ్యక్తిగత ప్రపంచ టైటిల్ తెచ్చింది బిలియర్డ్స్ ఆటగాడు విల్సన్ జోన్స్, 1958లో, కలకత్తాలో. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ‘పనీపాటా లేనివాళ్లు ఆడే ఆట’ అని మన ఊళ్లలో ఒక మాట ఉంది. ఆ మాట ఇంట్లోవాళ్ల మనసులోంచి ముందు పోవాలి. అది పోవాలంటే మన నడవడిక దానికి సాక్ష్యం కావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాకు తెలిసిన చాలా ఇళ్లలో గొడవ ఎక్కడ మొదలవుతుందో గమనించాను. ‘ఆడటానికి పోయాడు’ అన్న చోట కాదు, ‘ఎప్పుడొస్తాడో తెలీదు’ అన్న చోట. మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. “ఎన్నింటికొస్తారో చెప్పి పోండి. ఆ టైముకి రండి. మధ్యలో ఎక్కడున్నా నేను ఫోన్ చెయ్యను” అంది. చాలా చిన్న కోరిక. కానీ పూల్ ఆడేవాడికి అది ఎంత కష్టమో ఈ హాల్లో ఉన్న ప్రతి ఆటగాడికీ తెలుసు. ఎందుకంటే గంటల లెక్కన టేబుల్ ఇచ్చే మన పూల్ పార్లర్‌లో ఆటకు ముగింపు ఉండదు.

టోర్నమెంటులో ముగింపు ఉంటుంది. రేస్ టు సెవెన్ అంటే ముందు ఏడు ర్యాకులు, అంటే ఏడు గేములు, గెలిచినవాడు గెలిచినట్టు, మ్యాచ్ అయిపోయినట్టు. పార్లర్‌లో అలా కాదు. ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టాలన్నది మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. రెండు గంటలు ఆడి ఓడినవాడు ఆ డబ్బులు ఎదుటివాడి మీదికి తొయ్యాలని ఇంకో గేమ్ అంటాడు. అది కూడా పోతే ఇంకొకటి. గెలిచినవాడు మధ్యలో లేచిపోతే ‘గెలిచి పారిపోతున్నావా’ అంటారు. అటూ ఇటూ ఇద్దరూ చిక్కుకుపోతారు. ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. పిల్లలు నిద్రపోతారు. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, ఆ పద్ధతే అలాంటిది.

అందుకని నేను కుర్రవాళ్లకు మొట్టమొదట చెప్పేది, టేబుల్ డబ్బులు సగం సగం కట్టుకోండి. మొదలుపెట్టక ముందే ‘రేస్ టు ఫైవ్ ఒకటి ఆడదాం, అయిపోగానే లేద్దాం’ అని పైకి అనండి. పార్లర్ ఓనర్లు కూడా ఇక్కడ ఉన్నారు. మీ ఆదాయం తగ్గుతుందేమోనని మీకు భయం ఉండొచ్చు. ఇంట్లో గొడవై శాశ్వతంగా మానేసిన కస్టమర్ కన్నా, వారానికి రెండుసార్లు గంటన్నర చొప్పున ఇరవై ఏళ్లు వచ్చే కస్టమర్ మీకు మంచివాడు కాదా? ఇక పందెం కట్టి ఆడేవాళ్ల సంగతి నేను చర్చించను. 1974 గేమింగ్ చట్టం మన రాష్ట్రంలో ఉంది. దాని సంగతి పక్కన పెట్టినా, పిల్లల స్కూలు ఫీజు డబ్బు టేబుల్ మీద పెట్టేవాడికి ఆటా ఇల్లూ బ్యాలెన్స్ చేసుకోవడం గురించి చెప్పేదేమీ ఉండదు. ముందు పందెం మానాలి.

టైము గురించి ఇంకో మాట. ‘నేను వారానికి నాలుగు గంటలే ఆడతాను సార్’ అంటారు. నిజమే, టేబుల్ దగ్గర నాలుగు గంటలే. మరి రాత్రి అన్నం తింటూ ఫోన్‌లో చూసే మ్యాచ్‌లు? వాట్సాప్ గ్రూపులో నిన్నటి ఫౌల్ గురించి అర్ధరాత్రి దాకా వాదన? కొడుకు లెక్కల పుస్తకం తెచ్చి చూపిస్తుంటే, కళ్లు పుస్తకం మీద, బుర్రలో మాత్రం ఆ తప్పిపోయిన ఎనిమిదో నంబరు బంతి. ఈ గంటలు ఎవరూ లెక్కలో రాయరు. కానీ ఇంట్లోవాళ్లకు ఎక్కువ బాధ కలిగించేది ఇవే. పార్లర్‌లో ఉన్నప్పుడు ‘లేడు’ అని సర్దుకుంటారు. ఎదురుగా కూర్చుని లేకపోతే ఎలా సర్దుకుంటారు చెప్పండి. ఆట వీడియోలు చూడటానికి కూడా ఒక వేళ పెట్టుకోండి, భోజనం దగ్గర మాత్రం వద్దు.

ప్రాక్టీసు విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది, ఎన్ని ఎక్కువ గంటలు ఆడితే అంత బాగా వస్తుందని. స్నేహితులతో మూడు గంటలు సరదాగా ఆడితే వచ్చే దానికన్నా, ఒంటరిగా నలభై ఐదు నిమిషాలు ఒకే షాట్ మీద పనిచేస్తే ఎక్కువ వస్తుంది. తెల్ల బంతిని తగిలిన చోటే ఆపడం, దాన్ని దూరం మార్చి మార్చి చెయ్యడం. ఒక రోజుకు అదొక్కటే. ఇంట్లో అయితే టేబుల్ కూడా అక్కర్లేదు. డైనింగ్ టేబుల్ మీద ఖాళీ గాజు సీసా పడుకోబెట్టి, క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, మొన దాని మూతిలోకి అంచు తగలకుండా పోయి వచ్చేట్టు పది నిమిషాలు స్ట్రోక్ చెయ్యండి. చెయ్యి తిన్నగా పోతోందో లేదో సీసానే చెప్పేస్తుంది. మా అమ్మాయికి ఇది భలే సరదా, చప్పుడైనప్పుడల్లా “తగిలింది నాన్నా, తగిలింది!” అని లెక్కపెడుతుంది. ఆ పది నిమిషాలు నా ప్రాక్టీసూ అవుతుంది, పాపతో ఆడుకున్నట్టూ అవుతుంది.

ఉద్యోగం సంగతి. నేను బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి మార్చి నెలలో క్యూ ముట్టుకోను. ఎవరో వద్దన్నందుకు కాదు, ఆ నెలలో మెదడు మిగలదు. మనందరికీ ఇలాంటి నెలలు వేరువేరుగా ఉంటాయి. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేసే మా మిత్రుడొకాయన ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు, చాలా చక్కటి ఆటగాడు. వనామి చెరువులో తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసే మనిషి అక్కడ లేకపోతే, నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే ఆయన రొయ్యల పట్టుబడికి ముందు వారాల్లో పార్లర్ వైపే రాడు. పట్టుబడి అయిపోయి, డబ్బులు చేతికొచ్చాక, పది రోజులు ఆనందంగా ఆడతాడు. చీమకుర్తి క్వారీల్లో షిఫ్టు చేసేవాళ్లు, కృష్ణపట్నం పోర్టులో రాత్రి డ్యూటీ చేసేవాళ్లు కూడా మనలో ఉన్నారు. నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా నేరుగా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఆట ఎటూ బాగుండదు, ఆ మత్తులో బండి మీద హైవే ఎక్కి ఇంటికి పోవాలి. అది మాత్రం దయచేసి చెయ్యకండి.

ఆఫీసులో సెలవు ఎలా అడగాలో కూడా కొందరికి తెలియదు. జ్వరం అని చెప్పి టోర్నమెంటుకు పోతారు. మ్యాచ్ ఫొటో సాయంత్రానికి ఎవరో గ్రూపులో పెడతారు. ముందే ‘ఫలానా తేదీన పోటీ ఉంది సార్, రెండు రోజులు కావాలి, నా పని ఫలానావారు చూస్తారు’ అని అడిగితే ఇచ్చే మేనేజర్లే ఎక్కువ. ఇవ్వకపోతే ఆ టోర్నమెంటు వదిలేయాలి. బిలియర్డ్స్, స్నూకర్ ఛాంపియన్ పంకజ్ అద్వానీని చూసి మనం పోల్చుకోకూడదు. ఇరవైకి పైగా ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఆయన ఓఎన్‌జీసీ ఉద్యోగి. అలాంటి సంస్థలు క్రీడాకారుల్ని ఆడటం కోసమే ప్రోత్సహిస్తాయి. మన ఆఫీసు మనల్ని ఫైళ్లు చూడటానికి పెట్టుకుంది. వేల్స్ దేశపు రే రియర్డన్ అయితే బొగ్గు గనిలో పనిచేశారు, తర్వాత పోలీసు ఉద్యోగం చేశారు, ఆ తర్వాతే ప్రొఫెషనల్ అయి ఆరుసార్లు స్నూకర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. గనిలో చేతులు పాడవకుండా గ్లవ్స్ తొడుక్కునేవారట. నాకు ఆయనంటే చాలా గౌరవం. పనిని ఎగ్గొట్టి ఆడలేదు, పని చేస్తూనే ఆటను కాపాడుకున్నారు.

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది చెప్పేవాళ్లు తక్కువ. మగవాడు వారానికి రెండు సాయంత్రాలు తన ఆట కోసం తీసుకుంటే, ఆ ఇంటి ఆడమనిషికి వారానికి రెండు సాయంత్రాలు ఉండాలి. ఆమె ఏం చేస్తుందన్నది మీరు అడగకూడదు. మా ఆవిడ శని, బుధ వారాల్లో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో స్నేహితురాళ్లతో నడుస్తుంది, నడిచిన దానికన్నా మాట్లాడుకునేదే ఎక్కువని తనే చెబుతుంది. ఆ రెండు సాయంత్రాలు పిల్లల హోంవర్కు, రాత్రి వంట నావి. ‘మా ఆవిడకు అలాంటి ఆసక్తులేమీ లేవండీ’ అని కొందరంటారు. తీరిక ఎప్పుడైనా ఇచ్చి చూశారా? పదిహేనేళ్లుగా ఒక్క సాయంత్రం కూడా తనదంటూ లేని మనిషికి ఏది ఇష్టమో ఆమెకే గుర్తుండదు. కొన్ని వారాలు పోనిస్తే గుర్తొస్తుంది.

మన కోనేరు హంపిని చూడండి. గుడివాడ అమ్మాయి. తల్లయ్యే సమయంలో దాదాపు రెండేళ్లు చదరంగం పోటీలకు దూరంగా ఉన్నారు. తిరిగి వచ్చి 2019 డిసెంబరులో మాస్కోలో మహిళల ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచారు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచారు. తాను పోటీలకు వెళ్లినప్పుడు కూతుర్ని తన తల్లిదండ్రులు చూసుకుంటారని, భర్త అండగా ఉంటారని ఆమే చాలాసార్లు చెప్పారు. ఆమె ప్రతిభ గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. ఆ ఇంట్లో పాపకు అన్నం పెట్టి నిద్రపుచ్చిన అమ్మమ్మ గురించి కూడా తెలుసుకోవాలి. మన ఇళ్లలో మగవాడు టోర్నమెంటుకు పోతే ఎవరూ ‘పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?’ అని అడగరు, జవాబు అందరికీ ముందే తెలుసు కాబట్టి. అదే ఒక ఆడపిల్ల పోతానంటే పది ప్రశ్నలు. నెల్లూరులో పూల్ నేర్చుకుంటామని వచ్చిన అమ్మాయిల్ని నేను చూశాను, బాగా ఆడేవాళ్లు, పెళ్లితో ఆగిపోయారు. వాళ్ల భర్తలకు నేను చేసే మనవి ఒక్కటే, మీరు క్రికెట్‌కు పోయే ఆదివారాల్లో ఒకటి వాళ్లకు వదలండి.

దీనికి పార్లర్లు కూడా మారాలి. ఇంట్లోవాళ్లు భయపడేది చాలాసార్లు ఆటను చూసి కాదు, ఆ చోటును చూసి. షాపుల పైన మెట్లెక్కి పోవాలి, కిటికీలు మూసేసి ఉంటాయి, లోపల పొగ. భర్త చొక్కా వాసన చూసి ఆ భార్య ఏమనుకోవాలి? ప్రజలు వచ్చే చోట్ల పొగ తాగడం 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా నిషేధం. మీ హాల్లో అది అమలు చెయ్యండి. ఆడవాళ్లకు విడిగా శుభ్రమైన బాత్రూమ్ పెట్టండి, మెట్ల దగ్గర మంచి లైటు వెయ్యండి. నెలకోసారి కుటుంబాలతో రమ్మని పిలవండి. ఒక్కసారి వచ్చి చూసిన తల్లికి, కొడుకు ఎక్కడ కూర్చుంటున్నాడో తెలిసిన తల్లికి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. మాగుంట లేఔట్ అయినా, దర్గామిట్ట అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డు అయినా, ఎక్కడ పార్లర్ పెట్టినా ఇది చెయ్యొచ్చు. ఖర్చు పెద్దగా లేదు.

ఓడిపోయి ఇంటికి వెళ్లే రాత్రి గురించి కూడా చెప్పాలి. చెన్నైలోనో విజయవాడలోనో మొదటి రౌండులోనే పోయి, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని తిరిగొస్తుంటే లోపల ఎలా ఉంటుందో ఆడినవాళ్లకే తెలుసు. ఆ కోపం ఇంటి గుమ్మం దాటకూడదు. స్టేషన్‌లో దిగాక ఒక టీ తాగండి, కాసేపు నడవండి, ఎవరైనా తోటి ఆటగాడికి ఫోన్ చేసి ఆ కక్కాల్సిందంతా కక్కేయండి. ఇంట్లోవాళ్లు ‘ఏమైంది?’ అని అడిగితే ‘ఓడిపోయాను’ అని మామూలుగా చెప్పండి. వాళ్లు మిమ్మల్ని ఓదార్చాలని చూస్తారు, ఓదార్చనివ్వండి. ‘నీకేం తెలుసు ఆట గురించి’ అన్న మాట మాత్రం నోట రానివ్వకండి. ఆ ఒక్క మాటకు ఇంట్లో మన ఆట మీద ఉన్న కాస్త ఆదరం పోతుంది.

కొన్ని సంవత్సరాలు ఆట తగ్గించక తప్పదు. ఇంట్లో పసిబిడ్డ ఉన్న ఏడాది, నాన్నకు ఆపరేషన్ అయిన ఏడాది, పెద్దాడు టెన్త్ రాసే ఏడాది. అప్పుడు కుర్రవాళ్లు నా దగ్గరికొచ్చి ‘ఇప్పుడు ఆపితే ఇక అయిపోయినట్టే’ అని దిగులుపడతారు. కబడ్డీకో, పరుగుపందేనికో ఆ దిగులు న్యాయమే. మన ఆటకు కాదు. విల్సన్ జోన్స్ రెండోసారి ప్రపంచ టైటిల్ గెలిచింది 1964లో, నలభై రెండేళ్ల వయసులో. రియర్డన్ ఆఖరి ప్రపంచ టైటిల్ 1978లో, నలభై ఐదేళ్లకు. 2022లో ఇంగ్లండ్ స్నూకర్ ఆటగాడు రోనీ ఓసల్లివన్ నలభై ఆరేళ్లకు ప్రపంచ టైటిల్ గెలిచి, వయసులో ఆ రికార్డు దాటారు. ముప్పై ఏళ్లకు రెండేళ్లు తగ్గించుకుంటే నీ చేతిలోంచి ఏదీ జారిపోదు నాయనా. ఆ రెండేళ్లలో వారానికి ఒక్క గంట చాలు, స్ట్రోక్ మరచిపోకుండా ఉండటానికి. సీసా ఉండనే ఉంది.

చివరగా టోర్నమెంట్లు పెట్టేవాళ్లకు కొన్ని మనవులు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు జరిగే రోజుల్లో పోటీలు పెట్టకండి, తండ్రి అయిన ప్రతి ఆటగాడూ నలిగిపోతున్నాడు. సంక్రాంతి మూడు రోజులు, రొట్టెల పండుగ రోజులు కూడా వదిలేయండి. ‘ఉదయం తొమ్మిదికి రిపోర్ట్ చెయ్యాలి’ అని అందరికీ ఒకే టైము రాసి, మధ్యాహ్నం మూడు దాకా టేబుల్ ఇవ్వకుండా కూర్చోబెట్టడం మానండి. ఎవరి మ్యాచ్ ఎన్నింటికో రెండు రోజుల ముందే పంపండి. మొదటి రౌండ్లు రేస్ టు ఫైవ్ పెడితే ఆదివారం రాత్రి ఎనిమిదికల్లా ఫైనల్ అయిపోతుంది. షాట్‌కు ముప్పై సెకన్ల గడియారం కూడా పెట్టొచ్చు, పెద్ద పోటీల్లో అది మామూలే. మ్యాచ్ టైములు రాసిన కాగితాన్ని ఆటగాడు ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి పోగలగాలి.

నేను చెప్పాల్సింది ఇంతే. మీలో ప్రశ్నలు ఉన్నవాళ్లు అడగండి, ముఖ్యంగా ముందు వరసలో ఉన్నవాళ్లు. ఒంగోలు బృందానికి ట్రైన్ టైము ఉంది కాబట్టి మొదట వాళ్లకే మైకు ఇద్దాం.